ఏరకుండా లెక్కపెట్టిన మేడమ్ గారు

మొన్న మంగళగిరిలో చీర కొనడానికి మా ఆవిడతో కలిసి ఒక నేతవారి ఇంటికి వెళ్ళాను. బేరం కుదిరి బయటికి వస్తుంటే ఎవరో "సార్" అని పిలిచారు. మా కాలేజీలో చదువుకుని, ఇప్పుడు అక్కడే ఏదో కంప్యూటర్ ఆఫీసులో పనిచేస్తున్న అమ్మాయి. క్షేమసమాచారాలయ్యాక, "మేడమ్ గారు పోయారు సార్. పొదిలిలోనేనట. మీకు తెలిసిందా?" అంది.

ఏ మేడమ్ అని నేను అడగలేదు. మా కాలేజీలో మేడమ్‌లు చాలామందే పనిచేశారు. వాళ్ళందరినీ పేరు చేర్చి పిలిచేవాళ్ళం. వట్టి మేడమ్ గారు అంటే మాత్రం లెక్కల మేడమ్ గారు ఒక్కరే.

ఇంటికొచ్చేదాకా ఆవిడ ముఖం కన్నా ముందు గొంతే గుర్తుకొచ్చింది. గుంటూరుకీ మంగళగిరికీ మధ్య ఉన్న డిగ్రీ కాలేజీ మాది. పై అంతస్తులో ఆవిడ పాఠం చెబుతుంటే కింద సైకిల్ స్టాండులో ఉన్నవాళ్ళకి కూడా సగం లెక్క అర్థమయ్యేది. ఒకసారి పక్క గదిలో ఇంగ్లీషు చెప్పే మాస్టారు వచ్చి, కాస్త నెమ్మదిగా చెప్పమని బతిమాలాడు.

"మాది పొదిలి పక్కన మెట్టపొలమండీ. మా అబ్బాజాన్ కందిచేను ఆ చివర ఉంటే అన్నం తెచ్చానని ఈ చివర నుంచి కేకేసేదాన్ని. ఆ గొంతే ఇది. ఇప్పుడు మార్చుకోమంటే ఎట్లా?" అన్నారు. ఆ మర్నాటి నుంచి ఇంగ్లీషు మాస్టారే గది మార్చుకున్నాడు.

పొట్టి మనిషి. వదులుగా ఉండే నూలు చీర, తలమీదికి లాక్కున్న కొంగు, భుజాన గుడ్డసంచీ. సంచీలో టీ ఫ్లాస్కు ఒకటి ఎప్పుడూ ఉండేది. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే కళ్ళు మూసుకుని వినేవారు. నిద్రపోతున్నారేమో అనుకుని మాట ఆపితే, కళ్ళు తెరవకుండానే "ఊఁ, తర్వాత?" అనేవారు.

ఆవిడకి గిట్టని మాట ఒకటి ఉంది. సుమారుగా. దాని అన్నదమ్ములు దాదాపు, ఇంచుమించు కూడా గిట్టవు. స్టాఫ్ రూములో ఎవరన్నా "ఇవాళ సుమారు నలభైమంది వచ్చారు క్లాసుకి" అన్నారనుకోండి, మేడమ్ గారు తలెత్తి, "లెక్కపెట్టారా, అనుకున్నారా?" అని అడిగేవారు. వెటకారం ఏమీ ఉండదు. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నట్టు ఉండేది. అందుకే కోపం తెచ్చుకోవడానికి కూడా వీలయ్యేది కాదు. "ఈసారి దాదాపు అందరూ పాసయ్యారు" అని మీటింగులో చెప్పిన ప్రిన్సిపాల్ గారికీ ఆ ప్రశ్న తప్పలేదు.

"మరి కూరలో ఉప్పు ఎట్లా వేస్తారు మేడమ్? కొలిచా?" అని నేను ఒకసారి అడిగాను.

"ఉప్పుకి అంచనా చాలు మాస్టారూ. ఎక్కువైతే తిట్టుకుంటూ తింటారు. లెక్క అట్లా కాదుగా," అన్నారు.

నాకూ ఆవిడకీ స్నేహం కుదిరింది కంప్యూటర్ల గదిలో. నేను కంప్యూటర్లు చెప్పేవాణ్ణి, ఆ గది నా అజమాయిషీలో ఉండేది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. ఉన్న మిషన్లు తక్కువ, అవీ నత్తనడకవి. రంజాన్ నెలలో కూడా మధ్యాహ్నం క్లాసులు అయ్యాక ఆవిడ వచ్చి కూర్చునేవారు. నేను టీ గ్లాసు పట్టుకుని బయటికి పోబోతే, "ఇక్కడే తాగండి మాస్టారూ. ఉపవాసం నాది, మీది కాదు," అనేవారు.

ఒక కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో ఉచితంగా ఇచ్చిన గణిత సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. దేశదేశాల వాళ్ళు తీరిక వేళల్లో తలా కొంచెం రాసి జత చేసిన సాఫ్ట్‌వేర్ అది. నేను ఎక్కించి ఇస్తే మేడమ్ గారు చిన్నపిల్లలా సంబరపడ్డారు. అందులో ప్రధాన సంఖ్యలని లెక్కించే ఫంక్షన్ ఒకటి ఉంది. ఒకటితోనూ తమతోనూ తప్ప మరి దేనితోనూ భాగింపబడని సంఖ్యలు, రెండు, మూడు, ఐదు, ఏడు లాంటివి, ప్రధాన సంఖ్యలు. ఒక సంఖ్య ఇస్తే దాని లోపల అవి ఎన్ని ఉన్నాయో ఈ ఫంక్షన్ చెప్పాలి. వంద లోపల ఎన్ని అని అడిగారు, చెప్పింది. లక్ష లోపల అడిగారు, చెప్పింది. వంద కోట్లు అడిగారు. మిషన్ గుర్రుమంటూ ఉండిపోయింది. ఆవిడ వెళ్ళి క్లాసు చెప్పి తిరిగొచ్చారు. తెరమీద ఇంకా ఏమీ లేదు.

"లోపల ఏం చేస్తోంది మాస్టారూ ఇది?" అని అడిగారు.

ఉచిత సాఫ్ట్‌వేర్ కాబట్టి దాని లోపలి ప్రోగ్రామ్ కూడా సీడీలోనే ఉంది. తెరిచి చూశాను. "జల్లెడ పడుతోందండీ. రెండు గుణిజాలన్నీ, అంటే నాలుగు, ఆరు, ఎనిమిది అట్లా, కొట్టేస్తోంది, మూడు గుణిజాలు కొట్టేస్తోంది, అట్లా పోతూ పోతూ చివరికి మిగిలినవి ఒక్కోటీ లెక్కపెడుతోంది."

"అంటే మీ ఊళ్ళో కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరినట్టు."

మాది అద్దంకి దగ్గర ఊరు. ఎండబెట్టిన మిర్చిలోంచి రంగు పోయిన కాయల్ని, వాటినే తాలుకాయలంటారు, ఆడవాళ్ళు ఒక్కోటి చేత్తో పట్టుకు చూసి పక్కన పడేస్తారు. ఆవిడ ఒకసారి మా ఊరొచ్చినప్పుడు వాళ్ళ పక్కన కూర్చుని చాలాసేపు తనూ ఏరారు.

"అంతేనండీ," అన్నాను.

"ఎన్ని ఉన్నాయో చెప్పమన్నాను గానీ, ఏరి నా ఒళ్ళో పొయ్యమన్నానా?" అన్నారు ఆవిడ. అక్కడ మొదలైంది.

ఏరకుండా లెక్కపెట్టడం ఎట్లాగో నాకు ఆవిడ బోధపరచలేదు. బి.ఎస్సీ. రెండో సంవత్సరం క్లాసుకి తీసుకెళ్ళి వెనక బెంచీలో కూర్చోబెట్టారు. అందరూ చుట్టుపక్కల ఊళ్ళ రైతుల పిల్లలే.

"ఈ ఏడు మీ ఇంట్లో మిరప వేసినవాళ్ళు లేవండి," అన్నారు. లేచారు. లెక్కపెట్టి కూర్చోమన్నారు. "పత్తి వేసినవాళ్ళు లేవండి." మళ్ళీ లేచారు, మళ్ళీ లెక్క. "రెండూ వేసినవాళ్ళు?" కొందరు లేచారు. బోర్డుమీద క్లాసు మొత్తం రాసి, అందులోంచి మిరపవాళ్ళని తీసేసి, పత్తివాళ్ళని తీసేశారు.

"రెండూ వేసినవాళ్ళని ఏం చేశాను?"

"రెండుసార్లు తీసేశారు మేడమ్," అంది ముందు బెంచీ అమ్మాయి.

"అన్యాయం కదా. ఒకసారి తిరిగి కలుపుదాం." కలిపారు. వచ్చిన అంకె కింద గీత గీశారు. "ఈ రెండు పంటలూ వేయని ఇళ్ళవాళ్ళు ఇంతమంది. వాళ్ళని నేను లేవమనలేదు, వాళ్ళ ముఖం కూడా చూడలేదు. ఇప్పుడు లేవండి, సరిచూద్దాం."

లేచారు. సరిపోయింది. వెనక నుంచి ఒకడు, "మా ఇంట్లో పొగాకు కూడా వేశాం మేడమ్, దాన్నీ కలపండి," అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆవిడా నవ్వి, "కలుపుదాం. మూడూ వేసినవాళ్ళ సంగతేంటో నువ్వే వచ్చి చెప్పు," అని చాక్‌పీసు వాడి చేతికిచ్చారు. వాడు తడబడుతూ చేస్తుంటే కళ్ళు మూసుకుని విన్నారు. చివర్లో చాక్‌పీసు తీసుకుని, "ఇప్పుడు మిరప బదులు రెండు గుణిజాలు, పత్తి బదులు మూడు గుణిజాలు, పొగాకు బదులు ఐదు గుణిజాలు అనుకోండి," అన్నారు. గదిలో సగంమంది ముఖాలు అప్పుడు విప్పారాయి. వాళ్ళతో పాటు నాదీను.

పంటల సంఖ్య పెరిగేకొద్దీ ఈ తీసివేతలూ కూడికలూ కొండలా పెరిగిపోతాయి. దానికీ ఉపాయం ఉంది. ఇచ్చిన సంఖ్య ఘనమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యల గుణిజాలని మాత్రం తీసేస్తే, మిగిలేవాటిలో ప్రధాన సంఖ్యలూ, రెండేసి ప్రధాన సంఖ్యల లబ్ధాలూ తప్ప ఇంకేమీ ఉండవు. ఆ లబ్ధాలని విడిగా లెక్కగట్టి తీసేయొచ్చు. ఇది ఆవిడ కనిపెట్టింది కాదు. వందేళ్ళకి పైబడిన పద్ధతే. కాగితంమీద తెలిసిన పద్ధతిని మా నత్తనడక మిషన్‌లో పరిగెత్తించడం ఆవిడ పెట్టుకున్న పని.

రెండు వేళ్ళతో టైపు చేసేవారు. నేను చేస్తానంటే ఒప్పుకునేవారు కాదు. "మీరు గబగబా కొట్టేస్తారు, నాకు ఆలోచించే టైముండదు." ప్రోగ్రామ్ లోపల అడిగిన చిన్న లెక్కనే మళ్ళీ మళ్ళీ అడుగుతోందని గమనించి, ఒకసారి వచ్చిన జవాబుని మిషన్ గుర్తుపెట్టుకునేట్టు చేశారు. అన్నీ గుర్తుపెట్టుకుంటే మెమరీ చాలలేదు. ఏవి ఉంచాలి, ఏవి వదిలేయాలి అని నాతో రోజూ వాదన. పది లక్షల లోపు సంఖ్యలకి ఇంత హడావిడి ఎందుకని, వాటికి ముందే ఒక పట్టిక తయారుచేసి అందులోంచి తీసి చెప్పేట్టు పెట్టారు. అది దాటితేనే కొత్త పద్ధతి.

ఎండాకాలం మొదలయ్యేసరికి పని కొలిక్కి వచ్చింది. వంద కోట్లు టైపు చేసి ఫ్లాస్కు మూత తిప్పబోయారు. మూత ఊడేలోపు జవాబు వచ్చేసింది. పుస్తకాల్లో అచ్చైన పట్టికతో సరిచూశాం. సరిపోయింది. వెయ్యి కోట్లు, పదివేల కోట్లు, అన్నీ సరిపోయాయి.

గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళి ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళకి పంపించాం. కొన్నాళ్ళకి జవాబు వచ్చింది. పరీక్షించామనీ, చాలా బాగుందనీ, రాబోయే విడుదలలో పాత ఫంక్షన్ తీసేసి ఇది పెడతామనీ రాశారు. ఆవిడ ఆ ఉత్తరం చదివి, "మంచిది," అని మాత్రం అన్నారు. బస్టాండుకి నడుస్తుంటే దారిలో మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఆగి, ఇద్దరికీ పొట్లాలు కట్టించారు. తింటూ తనలో తనే నవ్వుకోవడం చూశాను.

ఆ సంవత్సరమే మా కాలేజీకి ఎమ్మెస్సీ లెక్కల కోర్సు ఇవ్వొచ్చా లేదా చూడడానికి యూనివర్సిటీ కమిటీ వచ్చింది. మేడమ్ గారు ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్న కోర్సు అది. డిగ్రీ అయ్యాక ఆడపిల్లలని దూరం పంపడం ఇష్టంలేక ఇళ్ళవాళ్ళు చదువు మాన్పిస్తున్నారని ఆవిడ బాధ. కమిటీకి చూపించడానికి ప్రిన్సిపాల్ గారికి ఇంతకన్నా గొప్ప విశేషం ఏముంటుంది? లైబ్రరీ పక్క పెద్ద గదిలో కుర్చీలు వేయించి, విజయవాడ నుంచి ప్రొజెక్టర్ అద్దెకి తెప్పించారు. గోంగూర మాంసంతో భోజనాలు ఏర్పాటు చేశారు. రంజాన్ నెల. మేడమ్ గారు ఉపవాసం ఉన్నారు.

రెండు మిషన్లు పక్కపక్కన పెట్టాం. ఒకదానిలో పాత ఏరే పద్ధతి, రెండోదానిలో ఆవిడది. కమిటీవాళ్ళూ, చుట్టుపక్కల కాలేజీల మాస్టార్లూ, మా పిల్లలూ గది నిండా ఉన్నారు. ఆవిడ గొంతుకి మైకు అక్కర్లేదు. అడిగినవాళ్ళు అడిగిన సంఖ్య వేస్తున్నారు. పాతది నసుగుతుంటే కొత్తది ఠకీమని చెబుతోంది. రెండూ ఒకటే జవాబు. చప్పట్లు కొడుతున్నారు.

కమిటీలో పెద్దాయన, నెరిసిన మీసాల ప్రొఫెసర్ గారు, చెయ్యెత్తారు. "అమ్మా, నాకో సంఖ్య ఇష్టం. ఎటు నుంచి చదివినా ఒకటే. పది లక్షల ముప్పై వేల మూడు వందల ఒకటి. వేయండి."

వేశారు. చిన్న సంఖ్యే కాబట్టి రెండు మిషన్లూ వెంటనే చెప్పాయి. కొత్తది చెప్పిన జవాబు పాతదానికన్నా సరిగ్గా ఒకటి ఎక్కువ ఉంది.

చప్పట్లు ఆగిపోయాయి. ముందు వరసలో ప్రిన్సిపాల్ గారు సర్దుకుని కూర్చుని, "ఒకటేగా మేడమ్. పెద్ద తేడా ఏం కాదు. ఇంకో సంఖ్య వేయండి," అన్నారు.

మేడమ్ గారు తెరనే చూస్తున్నారు. నేను పక్కకి వెళ్ళి, "కమిటీవాళ్ళు వెళ్ళాక చూద్దామండీ," అన్నాను మెల్లగా.

"ఎందుకు మాస్టారూ? వాళ్ళు లెక్కలవాళ్ళేగా," అన్నారు ఆవిడ, మెల్లగా కాదు, మామూలు గొంతుతోనే. అని హాలువైపు తిరిగారు. "అందరూ చూశారుగా. రెంటిలో ఒకటి తప్పు చెబుతోంది. పాతది ఒక్కోటి పట్టుకు చూసి చెబుతుంది కాబట్టి తప్పు నాదే. ఎక్కడుందో నాకు తెలీదు. ఇప్పుడే వెతుకుతాను. భోజనాలకి వెళ్ళేవాళ్ళు వెళ్ళిరండి, ఉండి వెతికేవాళ్ళు ఉండండి."

ఆవిడ ముఖంలో కంగారు కోసం నేను చూశాను. కనిపించలేదు. కొంగు నడుముకి దోపుకుని కుర్చీ ముందుకి లాక్కున్నారు, అంతే. ప్రిన్సిపాల్ గారు కమిటీని భోజనాలకి లేవదీశారు. వెళ్ళేటప్పుడు నావంక చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. ఎమ్మెస్సీ కోర్సు మీద ఆశలు ఆయన అక్కడే వదిలేసుకున్నారు. నేనూ వదిలేసుకున్నాను.

దాని ముందు సంఖ్య వేశారు, సరిపోయింది. తర్వాతి సంఖ్య వేశారు, అదీ సరిపోయింది. అటూ ఇటూ ఇంకా కొన్ని వేశారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నడిమిది ఒక్కటే తేడా. వైరస్ పట్టిందేమోనని ఒక మాస్టారు అన్నారు. ఇంకొకరు మిషన్ ఆపి మళ్ళీ వేయమన్నారు. ఆపి వేశాం. అదే జవాబు.

మేడమ్ గారు బోర్డు దగ్గరికి వెళ్ళి ఆ సంఖ్యని పెద్దగా రాసి, కళ్ళు మూసుకుని నిలబడ్డారు. "చుట్టుపక్కల వాటికి లేనిది దీనికేముంది?" అని పైకే అడిగారు. మిగిలిపోయిన పిల్లలు తలా ఒకటి చెబుతున్నారు. ఈలోపు ప్రొఫెసర్ గారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, భోజనం సగంలో లేచి వచ్చారో ఏమో, వాళ్ళ మధ్యన కూర్చున్నారు.

"నేను అటూ ఇటూ ఒకేలా ఉందని ఇచ్చానమ్మా. ఇంకేం ఆలోచించలేదు," అన్నారు.

"కారణాంకాలు చూద్దాం సార్," అంటూ ఆవిడ బోర్డుమీదే భాగించడం మొదలుపెట్టారు. ఏడు పోలేదు. పదకొండు పోలేదు. పదమూడు పోలేదు. అట్లా పోతూ నూట ఒకటి దగ్గర పోయింది. వచ్చిందాన్ని మళ్ళీ నూట ఒకటితో భాగించారు, పోయింది. నూట ఒకటే మిగిలింది.

"నూట ఒకటి ఘనం," అన్నారు ప్రొఫెసర్ గారు, కుర్చీలోంచి సగం లేచి.

మేడమ్ గారు గిరుక్కున మిషన్ వైపు తిరిగారు. ఆ సంఖ్యకి ఘనమూలం ఎంతని అడిగారు. తెరమీద నూట ఒకటి అని వచ్చింది. "దీన్లో పూర్ణాంకం ఎంత?" అని అడిగారు. వంద అని వచ్చింది.

హాల్లో ఎవరో పకాలున నవ్వారు. ఆవిడా నవ్వారు. "చూశారా దీని వేషాలు. లోపల నూట ఒకటికి వెంట్రుకవాసి తక్కువ పెట్టుకుని, పైకి నూట ఒకటి అంటోంది. దశాంశాల ముక్క కోసేసి ఇమ్మంటే వంద ఇస్తోంది. సుమారుగా చెబుతోంది మాస్టారూ నాకు, ఇన్నాళ్ళూ, నా ప్రోగ్రామ్‌లో కూర్చుని."

విషయం తేలిపోయింది. వంద దాకానే తీసేయడం వల్ల నూట ఒకటి గుణిజాలు తీసివేతలోంచి తప్పించుకున్నాయి. నూట ఒకటిని మూడుసార్లు హెచ్చిస్తే వచ్చిన ఈ సంఖ్య ప్రధాన సంఖ్యల మధ్యకి దూరి కూర్చుంది. ప్రధాన సంఖ్యల ఘనాల దగ్గర తప్ప ఇంకెక్కడా ఈ తప్పు బయటపడదు. పుస్తకాల్లో పట్టికలన్నీ పదులూ వందలూ కోట్లూ కాబట్టి వాటితో ఎన్నిసార్లు సరిచూసినా దొరకదు. పది లక్షలు దాటాక మొట్టమొదటి అట్లాంటి సంఖ్యనే ప్రొఫెసర్ గారు తన ముచ్చట కొద్దీ ఇచ్చారు.

వచ్చిన పూర్ణాంకానికి ఒకటి కలిపి, మూడుసార్లు హెచ్చించి, సంఖ్యని దాటకపోతే దాన్నే తీసుకొమ్మని ఆవిడ రెండు వేళ్ళతో ఒక వరస చేర్చారు. రెండు తెరలమీదా ఒకే జవాబు వచ్చింది. అప్పటికి పొద్దు వాలింది. ఉపవాసం విడిచే వేళైందని ఒక అమ్మాయి పరిగెత్తుకెళ్ళి ఖర్జూరాలూ మంచినీళ్ళూ తెచ్చింది. మేడమ్ గారు ఒకటి తిని, మిగిలినవి అందరికీ పంచారు. ప్రొఫెసర్ గారు ఖర్జూరం నములుతూ బోర్డుమీద ఉన్న లెక్కని తన కాగితంలో రాసుకున్నారు.

ఎమ్మెస్సీ కోర్సు వచ్చింది. అది గోంగూర మాంసం ప్రభావమని ప్రిన్సిపాల్ గారు చివరిదాకా నమ్మారు.

కథ అక్కడితో అయిపోలేదు. తప్పున్న ప్రోగ్రామ్ అప్పటికే విడుదలకి సిద్ధంగా ఉంది. మర్నాడే బ్రాడీపేట వెళ్ళి, తప్పు ఫలానా చోట ఉందనీ సరిచేసింది పంపుతున్నాననీ ఆవిడ రాశారు. సరిచేసినదాన్ని మళ్ళీ పరీక్షించే వ్యవధి లేదనీ, అంత అరుదైన తప్పుకి విడుదల ఆపలేమనీ, వచ్చేసారి మారుద్దామనీ వాళ్ళు మర్యాదగా జవాబిచ్చారు.

"వాళ్ళు చెప్పిందీ నిజమేగా మేడమ్," అన్నాను. "ఎవడు వేస్తాడండీ ఆ సంఖ్య?"

"ఎవరో ఒకరు వేస్తారు. మా ప్రొఫెసర్ గారు వేయలా?" అన్నారు. కూర్చుని మళ్ళీ రాశారు. నాలుగు ముక్కలే. సరిచేసింది పెట్టడం కుదరకపోతే నాది తీసేసి పాతదే ఉంచండి, అది నిదానమే గానీ నిజం చెబుతుంది అని. నాకు ప్రాణం ఉసూరుమంది. ఎంతో కష్టపడ్డ పని. కాలేజీ నోటీసు బోర్డులో పెట్టడానికి ప్రిన్సిపాల్ గారు ఆవిడ పేరు అచ్చైన కాగితం కోసం ఎదురుచూస్తున్నారు.

వాళ్ళు తీసేశారు. ఆ విడుదల ఆవిడది లేకుండానే వచ్చింది. ఆ తర్వాత దాంట్లో, సరిచేసిన రూపంలో, ఆవిడ పేరుతో సహా వచ్చింది. మధ్యలో గడిచిన అన్ని నెలల్లోనూ ఆవిడ ఆ ఊసెత్తలేదు. ఎమ్మెస్సీ మొదటి బ్యాచ్‌కి పాఠాలు చెబుతూ కింద సైకిల్ స్టాండు దాకా వినిపిస్తూనే ఉన్నారు.

కొన్నేళ్ళకి గొంతులో ఏదో కాయలా వచ్చి ఆపరేషన్ అయింది. బతికి బయటపడ్డారు గానీ గొంతు పోయింది. గుసగుసలాంటి మాటే మిగిలింది. ఉద్యోగం వదిలేసి పొదిలిలో అన్నగారి ఇంటికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు కొన్నాళ్ళు బోర్డుమీద రాస్తూనే క్లాసులు చెప్పారు. అన్నాళ్ళు పక్కగదుల వాళ్ళందరికీ ఏదో వెలితిగా ఉండేది. ఇంగ్లీషు మాస్టారు నాతో ఆ మాటే అన్నాడు.

చివరిసారి నేను పొదిలి వెళ్ళినప్పుడు ముందుగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు. ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళు, ఆవిడ రాసినదానికన్నా వేగమైనది ఎవరో రాసి పంపారనీ, చూసి చెప్పమనీ ఆవిడనే అడిగారట. వారాల తరబడి పరీక్షించి, తప్పేమీ లేదు, నాది తీసేసి ఇదే పెట్టండి అని జవాబిచ్చేశారు.

"బాధనిపించలేదా మేడమ్?" అన్నాను.

"నాది పెట్టేటప్పుడు పాతదాన్ని తీయలేదా?" అన్నారు. వినడానికి నేను ముందుకి వంగాల్సి వచ్చింది. "చాలా బాగా రాశారు మాస్టారూ. మెమరీ గురించి మనం వాదించుకున్న చోట, మనిద్దరం చెప్పిందీ కాకుండా మూడోది చేశారు."

"ఇప్పుడేం చేస్తున్నారు మరి?"

"ఇంతవరకూ ఎన్ని ఉన్నాయో చెప్పాం. ఫలానా వరసలో ఉన్న ప్రధాన సంఖ్య ఏదో చెప్పమంటే ఇది తడుముకుంటోంది. దాని సంగతి చూస్తున్నాను." తను రాసిన కాగితాలు నా చేతిలో పెట్టారు. "చదవండి. మొహమాటపడకండి."

వదినగారు భోజనం వడ్డించారు. తిని మళ్ళీ కూర్చున్నాను. మధ్యాహ్నం బస్సు పోయింది. రోడ్డుమీద పత్తి ట్రాక్టర్లు వెళుతున్నాయి. ఆవిడ పక్క కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నారు. మూడో కాగితంలో ఒక చోట నాకు అనుమానం వచ్చింది. రెండుసార్లు చేసి చూశాను. సందేహం లేదు.

"ఇక్కడ తప్పుందండీ," అన్నాను.

మేడమ్ గారు కళ్ళు తెరిచారు. ఆ ముఖం ఎట్లా వెలిగిపోయిందో చెప్పలేను. గొంతు పోయిందన్న సంగతే మర్చిపోయినట్టు ఏదో పెద్దగా అనబోయారు, మాట రాలేదు. కుర్చీని నా పక్కకి లాక్కుని, కాగితంమీదికి వంగి, ఎక్కడో చూపించమని చెయ్యి చాపారు.